ఇంటర్వెల్ కబుర్లు : ఖాళీ ఉయ్యాల

ఈ వారం కబుర్లు ఒక కొత్త హీరోయిన్ గురించి. ఆగండాగండి, ఫొటో ఎక్కడా అని పేజీలు తిరగేయకండి! ఆవిడ ఇంకా ఏ ప్రొడ్యూసరుకీ కాల్షీట్లు ఇవ్వలేదు. పుట్టి నెలా పదిరోజులయింది. అనుకున్న రిలీజు డేటుకి మూడు వారాలు ముందే, 2 కిలోల 200 గ్రాముల బరువుతో రంగప్రవేశం చేసింది. నాకు స్వయానా మేనకోడలు.

మా చెల్లాయికి పెళ్ళయిన ఏడేళ్ళకి పుట్టిన పిల్ల అది. ఆ ఏడేళ్ళలో మా చెల్లాయి ఎన్ని గుళ్ళకి వెళ్ళి, ఎన్ని చెట్టు కొమ్మలకి చిట్టి చిట్టి ఉయ్యాలలు కట్టి వచ్చిందో లెక్కలేదు. అలాంటిది, నిజం ఉయ్యాల కొనే రోజు వచ్చింది. మా వైపు తొలి బిడ్డకి ఉయ్యాల పుట్టింటివాళ్ళే పెట్టాలి. నాన్నగారు లేరు. కాబట్టి ఆ వేషం నాకొచ్చింది.

"అన్నయ్యా, ఇరవయ్యొకటో రోజు బారసాల. ఉయ్యాల నీదే" అని రాజమండ్రి నుంచి ఫోను చేసింది చెల్లాయి.

నాదా? అంతకంటేనా! ఊహ తెలిసినప్పట్నుంచీ సినిమాలు చూసి చూసి, వాటి మీదే నాలుగు ముక్కలు రాసుకు బతుకుతున్నవాణ్ణి. ఉయ్యాలంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా?

మీరూ చూసే ఉంటారుగా. పాత సినిమాల్లో ఉయ్యాల ఊగిందంటే కథ పదిహేనేళ్ళు దూకబోతోందని అర్థం. తల్లి పాడుతుంది, ఉయ్యాల ఊగుతుంది, కెమెరా దగ్గరికెళుతుంది, డిజాల్వ్... ఇంకేముంది, హీరోగారు పుస్తకాలు పట్టుకుని కాలేజీ నుంచి వస్తూ "అమ్మా, ఫస్టు క్లాసులో పాసయ్యా" అంటాడు. ఉయ్యాలకి మనవాళ్ళు ఎంత విలువిచ్చారంటే ఒకే పేరుతో రెండు సినిమాలున్నాయి. 1965 లో కె.బి.తిలక్ గారు జగ్గయ్య, కృష్ణకుమారిలతో తీసిన 'ఉయ్యాల జంపాల' ఒకటి. 2013 లో రాజ్ తరుణ్, అవికా గోర్ నటించిన 'ఉయ్యాలా జంపాలా' ఇంకొకటి. ఇక విశ్వనాథ్ గారి 'స్వాతిముత్యం'లో (1986) ఇళయరాజా లాలిపాట గురించి చెప్పక్కర్లేదు. నేను ఇప్పటికీ నిద్రపట్టకపోతే అదే పెట్టుకుంటాను!

ఆ పాటే నా కొంప ముంచింది.

ఎలాగంటారా? ఆన్‌లైన్‌లో చూస్తుంటే ఒక కరెంటు ఉయ్యాల కనిపించింది. ఉయ్యాల అనడం కంటే వాలు కుర్చీ అనాలి. మెత్తటి సీటు, నడుముకి బెల్టు, అయిదు స్పీడులు, పన్నెండు ట్యూన్లు. పైగా మన ఫోను కలిపితే మనకిష్టమైన పాట వస్తుంది. ఇంకేం కావాలి! ఆహా, మా మేనకోడలు పుట్టగానే ఇళయరాజా అభిమాని అయిపోతుందని మురిసిపోయి, వెనకా ముందూ చూడకుండా ఆర్డరు పెట్టేశాను. బారసాలకి ముందే రాజమండ్రి చేరిపోయింది. ఫోనులో వీడియో పెట్టారు. ఊగుతోంది, పాట వస్తోంది, పిల్ల నిద్రపోతోంది. మా బావగారు "మీ సెలెక్షనే సెలెక్షన్" అన్నారు. నేను ఆ వీడియో ఊరందరికీ చూపించాను.

నాలుగో రోజు మధ్యాహ్నం చెల్లాయి ఫోను. ఏడుపు తప్ప మాట లేదు.

జరిగింది ఇదీ. పిల్లని అందులో నిద్రపుచ్చి, పక్కనే బట్టలు మడత పెట్టుకుంటోంది. పాట వస్తూనే ఉంది. ఆ పాట మధ్యలో ఏదో సన్నగా గురక లాంటి చప్పుడు. ఇంత పిల్లకి గురకేమిటని వంగి చూస్తే, పిల్ల సీట్లో కిందికి జారి ఉంది. తల ముందుకు వాలి గడ్డం గుండెకి ఆనుకుపోయింది. పెదాల రంగు మారింది. ఎత్తుకుంది, వీపు రాసింది. పిల్ల ఒక్కసారి ఊపిరి లాగి కెవ్వుమంది. అంతే. అరనిమిషం కథ. ఆ అరనిమిషం గురించి మా చెల్లాయి ఇప్పటికీ మాట్లాడదు.

పిల్లల డాక్టరుగారు అంతా చూసి ప్రమాదం లేదన్నారు. తర్వాత కాగితం మీద బొమ్మ వేసి చూపించారట. పుట్టిన బిడ్డకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువు. మెడకి ఆ బరువు మోసే బలం ఉండదు. వాలుగా కూర్చోబెడితే తల ముందుకి పడుతుంది. ఊపిరి వెళ్ళే దారి కూల్‌డ్రింకు స్ట్రా అంత కూడా ఉండదు, వంగితే ఆ స్ట్రా నొక్కుకుపోయినట్టే. అందులోనూ నెలలు నిండకముందు పుట్టిన పిల్ల. నిద్రపోవాలంటే సమంగా, గట్టిగా ఉండే పక్క మీద, వెల్లకిలా. ఇంతే ఆవిడ చెప్పింది.

ఆ రాత్రి నేను ఆ వాలు కుర్చీ తాలూకు పుస్తకం ఫోనులో తెరిచి చదివాను. రెండో పేజీలోనే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. బిడ్డ ఇందులో నిద్రపోతే వెంటనే తీసి సమమైన పక్క మీద పడుకోబెట్టవలెను అని! టైటిల్సు పడేటప్పుడు బయట సోడా తాగుతూ నిలబడే ప్రేక్షకుడిలా, నేను అసలు చూడవలసింది చూడలేదన్నమాట.

సిగ్గుపడి ఇంకా చదివాను. 'బేబీస్ డే అవుట్' గుర్తుందిగా? ఆ సినిమా వచ్చిన 1994 లోనే అమెరికాలో పసిపిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండని పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. ఆ తర్వాత కొన్నేళ్ళలో నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. మందు లేదు, మాకు లేదు. పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే. 2019 లో ఒక పెద్ద కంపెనీ తాను అమ్మిన వాలు తొట్టెల్ని, ఒకటీ రెండూ కాదు, సుమారు 47 లక్షలు వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2022 లో అక్కడ చట్టమే చేశారు, 10 డిగ్రీల కంటే ఎక్కువ వాలున్న నిద్ర తొట్టెలు అమ్మకూడదని. నేను కొన్నదాని వాలు మా మేనకోడలి పుణ్యమా అని కొలిచాను. పదికి మూడింతలుంది.

సరే, కరెంటు ఉయ్యాల అటక ఎక్కింది. ఇప్పుడేం కొనాలి? బారసాల ఇంకా వారం.

మళ్ళీ నా సినిమా బుర్రే పనిచేసింది. మిషను వద్దు, మన పాత పద్ధతే మేలు, జమీందారు సినిమాల్లో లాగా చెక్కుడు పనితో, ఇత్తడి గొలుసులతో టేకు ఉయ్యాల కొంటానన్నాను. ఆర్టు డిపార్టుమెంటులో పనిచేసే నేస్తం ఒకడున్నాడు నాకు. వాణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాదులో ఒక ఫర్నిచరు దుకాణానికి వెళ్ళాను. ఉంది! నాలుగు పక్కలా చిలకలు, తలవైపు నెమలి, గొలుసులకి గంటలు. ధర 38 వేలు. నేను 5 వేలు అడ్వాన్సు ఇచ్చేసి వెనక్కి తిరిగేసరికి మావాడు ఉయ్యాల ముందు గొంతుక్కూర్చుని కంబీల మధ్య తన పిడికిలి దూరుస్తున్నాడు. దూరింది.

"ఏవిట్రా అది?"

"ఇది సెట్టుకి బావుంటుంది గురూ. లాంగ్ షాట్‌లో అదిరిపోతుంది. పిల్లకి పనికిరాదు" అన్నాడు.

పిల్లల పక్కలకి కంబీల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదని అమెరికాలో లెక్క. ఎందుకంటే ఒళ్ళు దూరి తల ఇరుక్కుంటుంది కాబట్టి. ఈ చిలకల మధ్య పది సెంటీమీటర్లు పైనే ఉంది. నెమలి ముక్కు సూదిలా ఉంది. రంగు గోకితే గోటికొచ్చింది. పళ్ళొచ్చే పిల్ల మొదట కొరికేది ఉయ్యాల అంచునే కదా!

అప్పుడు మావాడు చెప్పిన వృత్తి రహస్యం విన్నాక నేను ఇంక ఏ ఉయ్యాల సీనూ మామూలుగా చూడలేను. ఉయ్యాల బాగా ఊగే షాట్లో, వాడు పనిచేసిన సినిమాలన్నిటిలోనూ లోపల ఉన్నది రబ్బరు బొమ్మేనట, లేకపోతే తువ్వాలు చుట్టలట. ఏడ్చే పిల్ల మొహం వేరే షాటు. బొమ్మైనా లేని రోజున బరువు కోసం ఇటుక కూడా పెట్టారట! ఇందులో మనవాళ్ళని అనడానికేం లేదు. హాలీవుడ్డువాళ్ళంతటివాళ్ళు, 2014 లో వచ్చిన 'అమెరికన్ స్నైపర్'లో హీరో చేతికి ప్లాస్టిక్ బొమ్మనిచ్చి దొరికిపోయారు, ప్రేక్షకులు నవ్విన నవ్వు నవ్వకుండా నవ్వారు. నిజం పిల్లే కావాలంటే 'బేబీస్ డే అవుట్'లో లాగా కవలల్ని పెట్టుకుంటారు, ఒకరు ఏడిస్తే ఒకరు. మన 'సిసింద్రీ' (1995) విడుదలయ్యేనాటికి అఖిల్‌కి ఏడాదిన్నర కూడా నిండలేదంటే, ఆ యూనిట్‌వాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలి.

నేను ఇన్నాళ్ళూ చూసి మురిసిన ఉయ్యాలల్లో పిల్లలే లేరన్నమాట! అడ్వాన్సులో సగమే వెనక్కిచ్చారు దుకాణంవాళ్ళు. పోనీయండి, ట్యూషను ఫీజు.

ఉత్త చేతులతో రాజమండ్రి వెళ్ళాను. అక్కడ అప్పటికే మూడో ఉయ్యాల సిద్ధంగా ఉంది. మా చెల్లాయి అత్తగారు పెంకుటింటి దూలానికి మెత్తటి నేత చీరతో ఉయ్యాల కట్టేశారు. లోపల ఆవాల దిండు, పిల్ల తల గుండ్రంగా రావడానికి.

ఒక మాట చెప్పాలి. చీర ఉయ్యాలని నేను చిన్నచూపు చూసేవాణ్ణి కాదు, ఇప్పుడూ చూడను. పొలం గట్టున చింతకొమ్మకి కట్టినా, పక్కా ఇంట్లో కట్టినా ఒకలాగే ఊగే ఉయ్యాల ఇంకోటి లేదు. దాని ఊపులో ఒక లెక్కుంది. దూలం నుంచి రెండు మీటర్ల పొడుగున వేలాడే ఉయ్యాల ఒకసారి అటు వెళ్ళి ఇటు రావడానికి దాదాపు 2.8 సెకన్లు పడుతుంది. అదే స్టాండుకి అరమీటరు ఎత్తున వేలాడేదైతే 1.4 సెకన్లు. పిల్ల బరువుతో సంబంధం లేదు, పొడుగే ముఖ్యం. నాలుగింతలు పొడుగైతే ఊపుకి రెండింతలు సమయం. వాచీ పెట్టి చూశాను. అత్తయ్యగారు పాడే పాట సరిగ్గా ఆ దూలం ఊపుకి సరిపోయింది. పొట్టి ఉయ్యాలకి ఆ పాట పాడితే పరుగెత్తినట్టుంటుంది! మన లాలిపాటలు అంత నిదానంగా ఎందుకుంటాయో నాకు అప్పుడు తెలిసినట్టనిపించింది. మ్యూజిక్ డైరెక్టర్లు ఒప్పుకుంటారో లేదో!

కానీ డాక్టరుగారి బొమ్మ మా చెల్లాయి కళ్ళలోంచి పోవడంలేదు. చీర ఉయ్యాల సంచీలా కిందికి దిగుతుంది, పిల్ల వీపు విల్లులా వంగుతుంది, మళ్ళీ గడ్డం గుండెకి. పైగా దిండు. కర్ర అడ్డం పెట్టకపోతే చీర రెండు వైపులా మొహం మీదికి మూసుకుంటుంది. ఇంకోటి, పిల్ల లేనప్పుడు ఆ చీరలో పెద్ద పిల్లలెక్కి గిరగిరా తిరిగి మెడకి చుట్టుకున్న సంఘటనలు ఎన్నో జరిగాయి. చెల్లాయి భయం భయంగా "దిండు వద్దేమో అత్తయ్యా" అంది.

అత్తయ్యగారి మొహం ముడుచుకుపోయింది.

"నలుగుర్ని పెంచానమ్మా ఈ చేతుల్తో. అందరూ ఇలాంటి ఉయ్యాలలోనే పెరిగారు. మీ ఆయన తల వంకరగా ఉందా?"

బావగారు తల తడుముకున్నారు. నేను ఈ కరెంటు ఉయ్యాల ఘనుణ్ణి కాబట్టి నోరెత్తలేదు. ఆ రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. పిల్ల తల్లి పక్కనే, చాప మీద పల్చటి పరుపేసి పడుకుంది.

రాత్రి అత్తయ్యగారు వచ్చి చెల్లాయి దగ్గర కూర్చున్నారట. చీకట్లోనే అన్నారట, "పెంచింది నలుగుర్ని. కన్నది అయిదుగుర్ని. రెండోవాడు నలభైరోజులవాడు. తెల్లారి చూస్తే లేడు. పాలు తాగి పడుకున్నాడు, జబ్బూ లేదు, జ్వరమూ లేదు. దిష్టి తగిలిందన్నారు, నేను సరిగ్గా చూసుకోలేదన్నారు" అని. కారణం ఏమిటో ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేడు. ఆవిడ కూడా అడగలేదు. మా బావగారికి తనకి ఒక అన్నయ్య ఉండేవాడని ఆ రాత్రే తెలిసింది.

పొద్దున నేను లేచేసరికి ఆవాల దిండు విప్పేసి ఉంది. ఆవాలు చేటలో ఎండబెట్టి ఉన్నాయి.

"బాబూ, నువ్వు ఉయ్యాల తెస్తానన్నావుగా. ఎలాంటిది కావాలో డాక్టరమ్మని అడిగి, వడ్రంగి చేత చేయిద్దాం" అన్నారు అత్తయ్యగారు.

అంతే, ఆవిడే డైరెక్టరు, నేను ప్రొడక్షన్ మేనేజరు. వీధి చివరి వడ్రంగి నాలుగు రోజుల్లో చేసిచ్చాడు. మూడడుగుల పొడుగు, అడుగున బల్లలా సమంగా ఉండే పలక, పక్కలకి దగ్గర దగ్గరగా కంబీలు, ఆవిడ మూడు వేళ్ళు పెట్టి కొలిచి, నాలుగో వేలు దూరితే కంబీ మార్చమన్నారు. రంగు వద్దు, చిలకలు వద్దు, మూలలు గుండ్రం చెయ్యి అన్నారు. పక్కలు లోతుగా ఉండాలి, ఎటూ ఒరిగి బోర్లా పడకూడదు. పరుపు పల్చగా, గట్టిగా, ఉయ్యాల కొలతకి అతికినట్టు. లోపల దిండు లేదు, బొంత లేదు, బొమ్మ లేదు. ఆ విప్పేసిన నేత చీరనే చింపి పరుపు మీద బిగుతుగా కుట్టారు. మొత్తం ఖర్చు 9 వేలు. చిలకలకీ నెమలికీ అయ్యేదాన్లో నాలుగోవంతు!

వేలాడదీసే ముందు ఆవిడ చేసిన పని చూసి మా ఆర్టు డిపార్టుమెంటువాడు (బారసాలకి వచ్చాడు, భోజనం ఉంటుందిగా) నోరు తెరిచాడు. ఇరవయ్యయిదు కిలోల బియ్యం మూట తెప్పించి ఉయ్యాలలో వేయించారు. నేనూ బావగారూ చెరోపక్కా నిలబడి పావుగంట ఊపాం. కొక్కెం కదిలిందా, గొలుసు లింకు విచ్చుకుందా, కొక్కెం నోరు తెరిచి ఉందా, అన్నీ ఆవిడ స్టూలెక్కి చూశారు. "మూడు కిలోల పిల్లకి పాతిక కిలోలెందుకండీ?" అన్నాడు మావాడు. "పక్కింటి వెధవ వచ్చి ఎక్కితే?" అన్నారావిడ. నేలకి జానెడు ఎత్తులో మాత్రమే కట్టించారు. కింద చాప.

నేను తెచ్చింది ఒక్కటే, ఏటికొప్పాక లక్క గిలక. అంకుడు కర్ర, ఆకులూ గింజల నుంచి తీసిన రంగులు, 2017 లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన బొమ్మలవి. అదీ ఉయ్యాల పైన వేలాడదీయనివ్వలేదు. "తాడు పిల్ల చేతికందితే? నువ్వే పట్టుకుని ఆడించు, మేనమామవి కదా" అన్నారు.

బారసాల బాగా జరిగింది. తెలంగాణలో దీన్నే తొట్టెల వేయడమంటారు, అక్కడ బోనాల పండక్కి అమ్మవారికే రంగు కాగితాల తొట్టెలు కడతారు. చెల్లాయి అత్తవారి చుట్టాలు కొందరు వరంగల్ నుంచి వచ్చి "పిల్లను తొట్టెల్ల వేయుండ్రి" అంటుంటే, మావాళ్ళు "ఉయ్యాలలో" అంటుంటే, పిల్ల మాత్రం ఎందులో వేసినా నాకొకటే అన్నట్టు ఆవులించింది. పేరు పెట్టారు, పాట మొదలైంది. అత్తయ్యగారు పాడుతున్నారు. ఇళయరాజా లేరు, ట్యూన్లు లేవు, బ్యాటరీ లేదు. మూడో చరణానికి హీరోయిన్ నిద్రపోయింది.

చెల్లాయి వెంటనే వంగి, నెమ్మదిగా తీసి, తన మంచం పక్కన వేసిన బల్లపక్క మీద వెల్లకిలా పడుకోబెట్టింది. డాక్టరుగారితో ఒప్పందం అది. ఉయ్యాల మెలకువగా ఉన్నంతసేపు, పక్కన మనిషి ఉన్నంతసేపు. పాకడం మొదలుపెడితే అదీ అటకెక్కాల్సిందే. ముత్తయిదువలు ఇంకా రెండు పాటలున్నాయే అన్నారు. అత్తయ్యగారు "పిల్ల అక్కణ్ణుంచే వింటుంది, పాడండి" అన్నారు.

నేను ఉయ్యాల దగ్గరే నిలబడిపోయాను. పాట వింటూ, ఏదో ఆలోచిస్తూ, చెయ్యి దానంతటదే గొలుసు పట్టుకుని ఊపుతోంది. గొలుసు కిర్రుమనడంలేదు. ఎంత హాయిగా ఊగుతోందో!

"బాబూ! ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. తప్పు!" కేకేశారు అత్తయ్యగారు.

ఠక్కున చెయ్యి తీసేశాను. మా ఆర్టు డిపార్టుమెంటువాడు పులిహోర విస్తరి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, దిగాలుగా నా చెవిలో అన్నాడు, "గురూ, పాతికేళ్ళుగా నా ఉద్యోగమే అది. ఇప్పుడేం చెయ్యమంటావు?"